పెరుగు బకెట్ మీద ఆర్‌బీఎస్‌టీ (ఆవుల పాలు పెంచే ఇంజెక్షన్) మాటే లేదు, స్టోర్‌ని ఎలా అడగాలి?

మేము డల్లాస్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడి పెద్ద స్టోర్లలో పాల క్యాన్ మీద "ఆర్‌బీఎస్‌టీ ఇవ్వని ఆవుల పాలు" అని ఉంటుంది. కిందే చిన్న అక్షరాల్లో, ఆ మందు ఇచ్చిన ఆవుల పాలకూ ఈ పాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటోందనీ ఉంటుంది. మా ఇండియన్ స్టోర్‌లో పెరుగు బకెట్, పనీర్ మీద మాత్రం ఆ ఊసే లేదు. ఓనర్‌ గారిని అడిగితే "సప్లయర్‌ని అడగండమ్మా" అన్నారు. సప్లయర్ మెయిల్‌కి జవాబివ్వలేదు.

పాల దిగుబడి పెంచే ఈ ఇంజెక్షన్‌కి అమెరికాలో 1993లో అనుమతి వచ్చింది. రెండు వారాలకోసారి వేస్తారు. పొదుగువాపు ముప్పు పెరుగుతుందని మందు లేబుల్ మీదే రాసి ఉంది. నా బాధ ముఖ్యంగా దాని గురించే. పొదుగువాపు వచ్చిన ఆవు చెయ్యి కూడా వెయ్యనివ్వదు, పాడి ఉన్న ఇళ్లవాళ్లకి తెలుసు. కెనడా 1999లో ఈ మందును వద్దంది. 2008లో వాల్‌మార్ట్ తన సొంత బ్రాండ్ పాలకు దీన్ని మానేసింది, కొనేవాళ్లు అడుగుతున్నారనే.

చిన్న స్టోర్‌ విషయంలో ఈ ఇంజెక్షన్ వాడని పెరుగు, పనీర్ తెప్పించడం ఎవరైనా సాధించారా? సంతకాలు సేకరించాలా, సప్లయర్ నుంచి రాతపూర్వకంగా హామీ తెమ్మనాలా? ఓనర్ మనవాళ్లే, వ్యాపారం దెబ్బతినకూడదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.