రూన్‌స్కేప్: పాత ఆటను మార్చొచ్చా? మారిస్తే ఎవరిని అడిగి?

కాలవగట్టు (అమలాపురం)

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లోకి (రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటకు 2007 నాటి పాత రూపం) 2025 నవంబరులో సెయిలింగ్ స్కిల్ (ఓడ నడిపే విద్య) వచ్చినప్పటి నుంచి మనవాళ్లలో గొడవ ఆగట్లేదు. పాత ఆటే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాం, మళ్లీ దాన్నెందుకు కదిలిస్తారని కొందరు. 2001లో పుట్టిన ఆట మారకపోతే బతకదని కొందరు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మార్పు వల్ల ఈ ఆట చెడిపోలేదు. ఆడేవాళ్లను అడక్కుండా మార్చినప్పుడు చెడింది.

2007లో నేను తొమ్మిదో తరగతి. నెట్ సెంటర్లో గంటకు 20 రూపాయలు. జావా ఉంటే చాలు, బ్రౌజర్లోనే ఆట తెరుచుకునేది. ఏమీ ఎక్కించక్కర్లేదు కాబట్టి సెంటర్ అన్న కూడా ఏమీ అనేవాడు కాదు. నెలనెలా డబ్బు కట్టడానికి మా దగ్గర కార్డులెక్కడివి, ఉచితంగా ఇచ్చినంతలోనే ఆడుకున్నాం. మా వీధి కుర్రాడు ఫిషింగ్‌లో 40 లెవెల్‌కి నాకంటే ముందు చేరాడు. ఆటలోని కారమ్‌జా రేవులో లాబ్‌స్టర్లు పట్టి, వండి, నాకు సంచినిండా ఇచ్చేవాడు. నేను ఇనుము తవ్వి వాడికి ఇచ్చేవాణ్ణి. లెక్కలు చూసుకోలేదు.

2008 జనవరిలో ఒకరికొకరు ఇచ్చుకునే వస్తువుల విలువలో పెద్ద తేడా ఉండకూడదని రూలు పెట్టారు. అంతకు కొన్ని వారాల ముందే, 2007 డిసెంబరులో, వైల్డర్‌నెస్ అనే అడవి ప్రాంతంలో ఆటగాళ్ల మధ్య పోరు తీసేశారు. ఆటలోని బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్మేవాళ్లను, దొంగ క్రెడిట్ కార్డులను ఆపడానికని చెప్పారు. కారణం అబద్ధం కాదు. కానీ ఆ రోజు వాడు లాబ్‌స్టర్లు ఇవ్వబోతే ఆట ఒప్పుకోలేదు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరం స్క్రీన్ చూస్తూ ఉండిపోయాం.

అంబాజీపేట99

మీ బాధ అర్థమైంది అన్నా, కానీ "పాత ఆట" అనే మాట దగ్గరే నాకు పేచీ. 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ తెరిచినప్పుడు వాడింది 2007 ఆగస్టు నాటి కాపీ. అందులో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ (ఆటగాళ్లంతా వస్తువులు కొని అమ్ముకునే సంత) లేదు, ఎందుకంటే అది వచ్చింది ఆ ఏడాది నవంబరులో. అమ్మాలంటే ఆటలోని వారక్ పట్నంలో బ్యాంకు ముందు నిలబడి అరవాలి. పాతవాళ్లకు అదే అందం. మాది కొబ్బరి వ్యాపారం చేసే ఇల్లు. మార్కెట్లో ఇవాళ్టి ధర తెలియని రైతు ఎలా నష్టపోతాడో చిన్నప్పటి నుంచి చూశాను. ఆటలో కొత్తగా వచ్చినవాడిదీ అదే పరిస్థితి. 2015లో ఆటగాళ్లకు ఓటు పెట్టి ఎక్స్ఛేంజ్ తెచ్చారు, నేను సంతోషించాను. 2007 మీద మీకున్న ప్రేమ నిజమే, కానీ 2007 మొత్తం మంచిది కాదు.

కాలవగట్టు

ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ నువ్వు చెప్పిందీ ఓటుతో వచ్చిన మార్పే కదా.

చెరువుకాపలా (భీమవరం)

నేను వెళ్లిపోయింది 2012 నవంబరు 20 తర్వాతండి. ఎవల్యూషన్ ఆఫ్ కంబాట్ అని యుద్ధం పద్ధతే తిరగరాశారు. అంతకుముందు శత్రువు మీద ఒకసారి నొక్కితే మనవాడు కొడుతూనే ఉండేవాడు. తర్వాత వరసగా బటన్లు, ఏది ఎప్పుడు నొక్కాలో టైమింగు. ఈ ఆట గడియారం 0.6 సెకన్లకు ఒక అడుగు వేస్తుంది. ఆ నిదానం వల్లే మా ఊరి నెట్‌లో కూడా ఆడగలిగాం. ఆ నిదానాన్నే లోపం అనుకున్నారు.

2018 అక్టోబరులో ఓల్డ్ స్కూల్ ఫోన్‌లోకి వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. రాత్రి రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి, నిద్రపోకూడదు. చేతిలో ఫోన్, ఫోన్‌లో చేపలు. ఫోన్‌లోకి రావడం కన్నా పెద్ద మార్పు ఏముంది? అది లేకపోతే నేను లేను.

కుంచం (మండపేట)

ఓటు, ఓటు అంటున్నారు. ఆ ఓటు సంగతి చూద్దాం. మొదట్లో ఏ మార్పైనా నెగ్గాలంటే 75 శాతం కావాలి. కొత్త స్కిల్ అడిగిన ప్రతిసారీ ఓడిపోయింది. 2019లో వార్డింగ్ కూడా ఓడింది. 2022లో హద్దును 70కి దించారు. ఆ తర్వాతి ఏడాది సెయిలింగ్ నెగ్గింది. ధాన్యం అదే, కుంచం చిన్నదైంది. ఇక 2015లో వచ్చిన బాండ్లు? కంపెనీకి డబ్బు కట్టి బాండు కొను, ఆటలో బంగారానికి అమ్ము. మీ స్నేహితుడి లాబ్‌స్టర్లు ఆపింది దేని పేరు చెప్పి? బంగారం డబ్బుకు అమ్మకూడదనే కదా!

నరసాపురం_రేవు

కుంచం గారూ, హద్దు దించారన్నది నిజమే. కానీ ఆ హద్దు కిందా నూటికి 30 మందికి మించి వద్దంటే ఏదీ రాదు. అది చిన్న అధికారం కాదు. నాకు సెయిలింగ్ నచ్చింది. మా తాత నావ నడిపాడు. 24 ఏళ్లు ఆ మ్యాప్‌లో సముద్రం కనిపిస్తూనే ఉంది, ఎక్కిన ఓడ గట్టు నుంచి గట్టుకు దింపడమే తప్ప మధ్యలో నీళ్లు లేవు.

కాలవగట్టు

కుంచం గారి మాటకు రెండు రోజులు జవాబు దొరకలేదు. బాండ్ల విషయంలో మీదే సబబు, నేను వాదించను. హద్దు దించకుండానే సెయిలింగ్‌ను అడిగి ఉంటే బాగుండేదని కూడా ఒప్పుకుంటున్నాను.

కానీ రెండో ఆట వైపు, అంటే ఓల్డ్ స్కూల్ కాని అసలు రూన్‌స్కేప్ వైపు చూడండి. అక్కడ 2012లో అదృష్టచక్రం పెట్టి, కొద్ది నెలలకే డబ్బుకు తిప్పుకోనిచ్చారు. ఒక స్కిల్‌లో 99 చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి, 92 దగ్గర సగం దారే అయినట్టు. అన్ని నెలల కష్టం పక్కన ఒకడు చక్రం తిప్పి ఎక్స్‌పీ తీసుకెళ్తే ఇంకేం మిగిలింది? దానికి ఎవరినీ అడగలేదు. ఓల్డ్ స్కూల్‌లో ఆ చక్రం లేదు.

లాబ్‌స్టర్లు ఇచ్చిన మా వీధి కుర్రాడి సంగతి చెప్పడం మరిచాను. వాడిప్పుడు కువైట్‌లో ఉంటాడు. ఇచ్చిపుచ్చుకోవడం మళ్లీ తెరవాలా అని అడిగినప్పుడు 12 లక్షల ఓట్లు పడ్డాయి, 91 శాతం తెరవమనే. అందులో మా ఇద్దరివీ ఉన్నాయి. 2011 ఫిబ్రవరి 1న తెరిచారు. ఆ రాత్రి వాడు నాకు పంపింది లాబ్‌స్టర్లే.