ఈ వారం సమస్య: గట్టిగా బిగించఁ గారె నీరు

నిర్వాహకుడు: పాత కారుకి టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపేది) పెట్టించుకున్న పాపానికి ఇంజన్ పై హోసు దగ్గర కూలెంట్, అదే ఇంజన్ని చల్లబరిచే నీరు, కారటం ఈ నెల్లో ఇది మూడోసారి. రాణిగంజ్ పోయి నీలం రంగు సిలికాన్ హోసు, కొత్త క్లిప్పులు తెచ్చా, నిన్న రాత్రి స్క్రూడ్రైవర్ తిప్పుతుంటే నా నోట్లోంచే ఈ పద్యపాదం ఊడిపడింది. హోసు సంగతి ఎలా ఉన్నా పాదం మాత్రం నచ్చింది. దీన్నే చివరి పాదంగా పెట్టి పై మూడు పాదాలూ మీరు పూరించాలి, ఆదివారం రాత్రి దాకా టైము.

గట్టిగా బిగించఁ గారె నీరు

ఎల్బీనగర్ స్పానర్: బోణీ నాదే.

మెత్తనైన హోసు మీదను పళ్ళున్న
పట్టి కొరికె దాని పైపొరంత
తిరుగుచున్నదాక తిప్పితిన్ మేస్త్రినై
గట్టిగా బిగించఁ గారె నీరు

గురులఘు: పళ్ళున్నది గనక కొరికింది, బాగుంది. పద్యమంతా ఆ ఒక్క క్రియ మీదే నిలబడింది. పైగా ఈసారి యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జోడీ అక్షరాలన్నీ, చెల్లాయి, ఆశ్చర్యమే. కిందటి నెల "పట్టపగలు చుక్క పైకి దూకె" పూరణలో నిప్పుకి లెక్కతో యతి వేసి, న-లలకి చెల్లుతుందని మూడు రోజులు వాదించింది తమరే కదా.

ఎల్బీనగర్ స్పానర్: మాస్టారూ, ఆ నిప్పు ఇంకా ఆరలేదా మీకు. సరే ఒప్పుకుంటున్నా, అది తప్పే. కానీ పద్యంలో చెప్పింది మాత్రం నిజం, ఆ క్లిప్పు పట్టీకి స్క్రూ పట్టు కోసం చీలికలుంటాయి చూడండి, మెత్తటి సిలికాన్ వాటిలోకి ఉబ్బి వచ్చి తెగుతుంది, ఎంత తిప్పితే అంత తెగుతుంది. లోపలివైపు నున్నగా ఉండే పట్టీ కావాలి, లేదంటే స్ప్రింగుది, అది హోసు వేడికి ఉబ్బినా చల్లారి తగ్గినా దాంతోపాటే సర్దుకుంటుంది.

గురులఘు: మేస్త్రీ విద్య మీకే వదిలేస్తున్నా. నా పూరణ.

బిల్లు చూచినంత బేజారుపడి నేను
పర్సు మూతి చేతఁ బట్టుకొంటి
కదలె మేస్త్రి చేయి, కన్నులనుండియే
గట్టిగా బిగించఁ గారె నీరు

ఎల్బీనగర్ స్పానర్: హోసుని పర్సు చేశారు, నీటిని కన్నీరు చేశారు, దండం పెట్టాలి. కానీ "కదలె" అక్కడికి ఎందుకొచ్చింది మాస్టారూ? కన్నులకి యతి కోసం తప్ప దానికి వేరే పనేం లేదు. మా వీధిలో మేస్త్రి చేయి కదలదు, చాస్తాడు.

గురులఘు: చాచితే యతి ఎక్కడ కుదురుతుందో తమరే చూపించండి.

పద్యపిపాస: ఏందన్నా మీ ఇద్దరి లొల్లి, కొత్తోళ్ళం మేం కూడా ఉన్నం గదా. నాది చూడుండ్రి.

రేడియేటర్ మీది రేకు మూతయె మొండి
ఉడుకు నీటి లోన నుబ్బు పెరిగె
ఒక్క చోట నాప నొండొక చోట నే
గట్టిగా బిగించఁ గారె నీరు

గురులఘు: "యేటర్". టర్ గురువు, అంటే బరువు అక్షరం నాయనా, అక్కడ తేలిక అక్షరం పడాలి. రెండో గణం అక్కడే పగిలింది, నీరు కారింది కూడా అక్కడే. "రేడియేటరుపయి" అను, సరిపోతుంది. రెండో పాదం అచ్చుతో ఎత్తుకోవటం కూడా నాకు నచ్చదు గానీ ఈ ఒక్కసారికి వదిలేశా. మూడో పాదం చివర "నే"ని వేలాడదీసి సమస్యలోకి దింపటం మాత్రం భలే ఉంది.

ఎల్బీనగర్ స్పానర్: తమ్ముడి ఊహలో విషయం ఉంది. మూత వాల్వు ఇరుక్కుపోతే ప్రెషర్ బయటికి పోయే దారి ఉండదు, అప్పుడు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తన్నుకొస్తుంది. 1.1 బార్ మూత సరిగ్గా పనిచేస్తుంటే ఉత్త నీరైనా 120 డిగ్రీలు దాటితే గానీ మరగదు, అందుకే బండి వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీయొద్దు, మొహం కాలుతుంది. నిర్వాహకుల వారూ, ఇంకోటి చూడండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోనే హోసు రాయిలా గట్టిపడుతోందా? అయితే గొడవ హోసులో కాదు, ఇంజన్ తలకీ ఒంటికీ మధ్య అతుకులా ఉండే హెడ్ గ్యాస్కెట్లో. టర్బో పెట్టిన బళ్ళకి ఆ అనుమానం ముందు పెట్టుకోవాలి.

నిర్వాహకుడు: గట్టిపడట్లేదు. మూత కూడా కొత్తదే. పంజాగుట్ట ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డా ఒక్క చుక్క రాదు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కాస్త తొక్కితే చాలు, దిగేసరికి బానెట్ కింద ఆవిరి.

గురులఘు: చుక్క అన్నారు కాబట్టి మళ్ళీ గుర్తొచ్చింది, ఆ "పట్టపగలు చుక్క" లో...

ఎల్బీనగర్ స్పానర్: మాస్టారూ!!

గ్యారేజీ గుమాస్తా: నేను ఇక్కడ చదవటమే గానీ రాసింది లేదు. తొక్కినప్పుడే కారుతుందంటే ఇంజన్ ఊగి హోసుని లాగుతున్నట్టుంది. టర్బో కోసం పై గొట్టం కొత్తగా చేయించి ఉంటారు కదా, దాని అంచున చుట్టూ ఉబ్బెత్తు గట్టు ఉందేమో చూడండి.

అంచు గట్టు లేని యల్యుమిన్ గొట్టాన
పట్టు లేక హోసు పైకి జారె
ఇంజనూగు వేళ నీడ్చెను, పై క్లిప్పు
గట్టిగా బిగించఁ గారె నీరు

పద్యపిపాస: అబ్బ! గట్లుండాలె అన్నా.

నిర్వాహకుడు: ఇప్పుడే కిందికెళ్ళి హోసు ఊడదీసి టార్చి వేసి చూశా. గొట్టం చివర అద్దంలా నున్నగా ఉంది, గట్టూ లేదు గాడీ లేదు. హోసు కూడా పొట్టిది, ఎక్కడా వదులు లేకుండా లాగి తొడిగారు. మూడుసార్లు క్లిప్పులు మార్చా, గొట్టం వైపు ఒక్కసారి చూసుకోలేదు. రేపు గట్టు వేయించి రెండంగుళాలు పొడుగు హోసు తెస్తా. ఈ వారం మొదటి స్థానం గుమాస్తా గారిదే.

ఎల్బీనగర్ స్పానర్: ఒప్పుకున్నా. నా పళ్ళ పట్టీకి రెండో స్థానమైనా ఇవ్వండి, మాస్టారి పర్సు కింద మాత్రం పెట్టకండి.

గురులఘు: అంతా బాగానే ఉంది గుమాస్తా గారూ. అల్యుమినియంలో "ఇయం" ఎక్కడ కారిపోయిందండీ?