టైటాన్ మీద ఋతువులు: ఉష్ణోగ్రత దాదాపు మారనప్పుడు మారుతున్నది ఏమిటి?

ప్రశ్న: ఉత్తరాయణం

హైస్కూలు విద్యార్థుల కోసం శని ఉపగ్రహమైన టైటాన్ గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. శని అక్షం సుమారు 26.7 డిగ్రీలు వాలి ఉందనీ, టైటాన్ దాదాపు శని మధ్యరేఖా తలంలోనే తిరుగుతుంది కాబట్టి ఆ వాలు దానికీ వర్తిస్తుందనీ, శని సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 29.5 ఏళ్లు పడుతుంది గనుక టైటాన్ మీద ఒక్కొక్క ఋతువు ఏడేళ్లకు పైగా సాగుతుందనీ చదివాను. ఇంతవరకు స్పష్టంగానే ఉంది.

అయితే నేల దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 179 డిగ్రీల సెల్సియస్ అనీ, మధ్యరేఖకూ ధ్రువాలకూ మధ్య తేడా మూడు నాలుగు డిగ్రీలకు మించదనీ కూడా చదివాను. వేసవికీ చలికాలానికీ ఉష్ణోగ్రతలో అంత తక్కువ తేడా ఉన్నప్పుడు అక్కడ ఋతువులు ఉన్నాయని ఏ ఆధారంతో చెబుతున్నాం? ఇది పటం మీది లెక్క మాత్రమేనా, లేక ఆ వాతావరణంలో నిజంగా కంటికి కనిపించే మార్పు ఏదైనా ఉందా? 2025 మే 6న శని విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే సమయం) దాటింది కాబట్టి ఇప్పుడు అక్కడ ఏం జరుగుతూ ఉండవచ్చో కూడా తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: మసకపొర

మార్పు నిజంగానే ఉంది, అదీ చాలా పెద్దది. కాకపోతే దాన్ని నేల దగ్గర వెతికితే దొరకదు, పైకి చూడాలి.

ముందుగా నేల దగ్గరి ఉష్ణోగ్రత ఎందుకు కదలదో చెబుతాను. టైటాన్ గురుత్వాకర్షణ భూమి గురుత్వాకర్షణలో ఏడో వంతు మాత్రమే అయినా, నేల మీద వాయుపీడనం మాత్రం మన పీడనానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి లెక్కవేస్తే, ఒక చదరపు మీటరు నేల మీద నిలిచి ఉన్న గాలి ద్రవ్యరాశి భూమి మీద ఉన్నదానికి సుమారు పది రెట్లని తేలుతుంది. అంత గాలిని వేడెక్కించవలసిన ఎండేమో మనకు అందేదానిలో దాదాపు తొంభయ్యో వంతు, అందులోనూ నారింజ రంగు పొగమంచును దాటుకొని నేలకు చేరేది సుమారు పదో వంతు. గాలి అంత ఎక్కువగానూ ఎండ ఇంత తక్కువగానూ ఉన్నప్పుడు దిగువ పొర ఒక్క డిగ్రీ వేడెక్కడానికైనా చల్లారడానికైనా ఎన్నో ఏళ్లు కావాలి. ఏడేళ్ల వేసవి దానికి చాలదు.

వంద కిలోమీటర్లు దాటిన తరువాత పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ గాలి పలచన, పైగా సూర్యకాంతిని పీల్చుకొనే పొగమంచు కణాలు అక్కడే ఉన్నాయి. అందువల్ల ఎండ మారితే స్ట్రాటో ఆవరణం త్వరగా స్పందిస్తుంది. వేసవి గోళార్ధంలో గాలి పైకి లేచి, ఎత్తులో రెండో గోళార్ధానికి ప్రవహించి, చలికాలపు ధ్రువం మీద కిందికి దిగుతుంది. భూమి వేగంగా తిరగడం వల్ల ఇక్కడ ఇటువంటి ప్రసరణ ఉష్ణమండలం దాటగానే తెగిపోతుంది, కానీ టైటాన్ తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 16 రోజులు తీసుకుంటుంది కాబట్టి అక్కడ ఒకే ప్రవాహం ధ్రువం నుంచి ధ్రువం దాకా సాగగలదు.

2004లో కసిని అంతరిక్ష నౌక శనిని చేరేటప్పటికి టైటాన్ ఉత్తరార్ధంలో చలికాలం. ఎత్తులో సూర్యకాంతి వల్ల పుట్టే హైడ్రోజన్ సయనైడ్, సయనోఅసిటిలీన్ వంటి వాయువులు దిగుతున్న గాలితోపాటు ఉత్తర ధ్రువం మీద పోగుపడి కనిపించాయి. 2009 ఆగస్టులో విషువత్తు వచ్చింది. ఆ తరువాత రెండేళ్లు తిరిగేసరికి ఇవే వాయువులు దక్షిణ ధ్రువం మీద పోగుపడటం మొదలైంది, అంటే మొత్తం ప్రసరణే దిశ మార్చుకుంది. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఆ తరువాత జరిగినది. కిందికి దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కాలి గనుక దక్షిణ ధ్రువం పైభాగం వేడెక్కుతుందని అనుకుంటాం. కానీ 2012లో అక్కడ, 300 కిలోమీటర్ల ఎత్తున, హైడ్రోజన్ సయనైడ్ మంచు కణాలతో నిండిన ఒక సుడి మేఘం కనిపించింది. ఆ మంచు ఏర్పడాలంటే గాలి మైనస్ 148 డిగ్రీల దాకా చల్లబడాలి, కంప్యూటర్ నమూనాల అంచనాకంటే అది సుమారు వంద డిగ్రీలు తక్కువ. పైనుంచి దిగి పోగుపడిన ఈ వాయువులే పరారుణ కిరణాల రూపంలో వేడిని అంతరిక్షంలోకి వెదజల్లి ధ్రువాన్ని చల్లార్చాయన్నది తరువాత వచ్చిన వివరణ, నాకు అది సమంజసంగానే తోస్తున్నది. నేల దగ్గర మూడు డిగ్రీలు కూడా కదలని చోట, మూడు వందల కిలోమీటర్ల పైన కొద్ది కాలంలోనే ఇంత మార్పు వచ్చింది.

ఇది ఋతువేనా, లేక ఒకసారి జరిగి ఆగిపోయిన మార్పా అని మీ విద్యార్థులు అడగవచ్చు. అడగాలి కూడా. దానికి పొగమంచు మంచి జవాబు ఇస్తుంది. ప్రధాన పొగమంచుకు పైన, దాని నుంచి విడిగా నిలిచిన ఒక పలచని పొర ఉంది. 1980 నవంబరులో వాయేజర్ 1 టైటాన్ పక్కగా వెళ్లినప్పుడు, అంటే ఉత్తరార్ధపు వసంత విషువత్తు దాటిన కొద్ది నెలలకు, ఆ పొర సుమారు 350 కిలోమీటర్ల ఎత్తున ఉంది. 2005 ప్రాంతంలో కసిని అదే పొరను 500 కిలోమీటర్ల ఎత్తున చూసింది. రెండు కొలతల్లో ఏదో ఒకటి తప్పని కొందరికి అనిపించి ఉండవచ్చు. కానీ 2009 విషువత్తు దగ్గరపడుతుండగా కసిని కళ్లముందే ఆ పొర కిందికి జారడం మొదలుపెట్టి, 2010 నాటికి 380 కిలోమీటర్లకు వచ్చింది. 1980కి 29.5 ఏళ్లు కలిపి చూడండి. టైటాన్ ఒక సంవత్సరం పూర్తిచేసుకొని అదే ఋతువుకు వచ్చినప్పుడు, ఆ పొర కూడా దాదాపు అదే ఎత్తుకు వచ్చింది. తరువాత 2012 ప్రాంతంలో అది మాయమై, 2016లో మళ్లీ ఏర్పడింది. టైటాన్ ఋతువులకు ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యాన్ని నేను చూడలేదు.

జవాబు: మీథేన్‌వాన

మసకపొర గారు పై ఆవరణం గురించి చెప్పినదంతా సరైనదే, కానీ ఋతువు నేల దగ్గర దొరకదన్న మాటను నేను ఒప్పుకోలేను. నేల దగ్గర ఉష్ణోగ్రత కదలకపోయినా వాన కదులుతుంది. మన దేశంలోనూ ఋతువులను గుర్తుపట్టడానికి ఉష్ణోగ్రత కంటే వానే మంచి ఆధారం కదా.

టైటాన్ దిగువ గాలిలో సుమారు అయిదు శాతం మీథేన్ ఉంటుంది. అది ఆవిరై, మేఘమై, వానగా కురిసి, వాగులుగా పారి, సరస్సుల్లో చేరుతుంది. 2002 అక్టోబరులో దక్షిణార్ధపు వేసవి నడిమికి వచ్చింది. ఆ కాలంలో భూమి మీది పెద్ద టెలిస్కోపులకూ, 2004లో కసినికీ దక్షిణ ధ్రువం చుట్టూ ఉబ్బెత్తు మేఘాలు కనిపించాయి, తరువాత అవి తగ్గిపోయాయి. విషువత్తు దాటిన ఏడాదికి, 2010 సెప్టెంబరు 27న, మధ్యరేఖ దగ్గర బాణం ఆకారంలో ఒక పెద్ద మేఘం కనిపించింది. ఆ తరువాతి వారాల్లో తీసిన చిత్రాల్లో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల నల్లబడి ఉంది, కొన్ని నెలల్లో చాలా భాగం మళ్లీ పాత రంగుకు వచ్చింది. ఎప్పుడూ ఎండి ఉండే ఇసుక తిన్నెల ప్రాంతం వానకు తడిసి ఆరిందన్నమాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండూ కలిపినా 2.8 లక్షల చదరపు కిలోమీటర్లకు లోపే కాబట్టి, ఆ తడిసిన మేర ఎంతో మీ విద్యార్థులు ఊహించుకోగలరు. అక్కడి చినుకులు మన చినుకులకంటే పెద్దవి, గురుత్వాకర్షణ తక్కువ, గాలి చిక్కన కావడంతో సెకనుకు సుమారు 1.6 మీటర్ల వేగంతో నింపాదిగా దిగుతాయి. అదే విషువత్తు కాలంలో, 2009, 2010 సంవత్సరాల్లో, మధ్యరేఖ దగ్గర ధూళి తుఫానులు లేచినట్లు కూడా కసిని పరికరాలు పట్టుకున్నాయి.

వ్యాసంలో ఒక జాగ్రత్త తీసుకోండి. ‘సూర్యుడు ఎటు వెళ్తే మేఘాలు అటు వెళ్తాయి’ అని చాలా చోట్ల సులువుగా రాసేస్తుంటారు, నేను ఆ వాక్యాన్ని రాయను. నమూనాల ప్రకారం ఉత్తర ధ్రువం దగ్గర వేసవి మేఘాలు 2010 తరువాత త్వరలోనే రావాలి, రాలేదు. ఉత్తరార్ధంలో వేసవి నడిమికి వచ్చింది 2017 మే 24న. ఆ నెలలో కసిని కొన్ని పొడవాటి మేఘపు చారలను చూసింది కానీ, 2004లో దక్షిణాన కనిపించినంత ఉధృతి ఉత్తరాన కనిపించకుండానే 2017 సెప్టెంబరు 15న ఆ నౌక ప్రయాణం ముగిసింది. 2022 నవంబరులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు, హవాయిలోని కెక్ టెలిస్కోపు కలిసి ఉత్తరార్ధంలో మేఘాలను పట్టుకున్నాయి. 2023 జూలైలో మళ్లీ చూసినప్పుడు ఉత్తరాన మేఘాలు పైకి ఎదగడం కూడా నమోదైంది. సూర్యుడు నడినెత్తిన ఉండేది పన్నెండింటికైనా ఎండ దెబ్బ రెండు గంటలకు ఎక్కువగా తగులుతుంది. టైటాన్ దిగువ గాలి విషయంలో ఈ ఆలస్యం గంటల్లో కాక ఏళ్లలో ఉంటుంది. కాబట్టి పై ఆవరణానికీ దిగువ ఆవరణానికీ వేర్వేరు పంచాంగాలు ఉన్నాయని చెప్పడమే ఎక్కువ సరైనది.

ఉత్తరాయణం

ఇద్దరికీ కృతజ్ఞతలు. పైన త్వరగానూ, కింద ఆలస్యంగానూ ఋతువు మారుతుందన్న విషయం నేను చూసిన పాఠ్యాంశాల్లో ఎక్కడా లేదు. మరొక్క సందేహం. వాన రెండు ధ్రువాలకూ వంతులవారీగా వెళ్తే సరస్సులు రెండు వైపులా సమానంగా ఉండాలి కదా? క్రాకెన్, లిజియా వంటి సముద్రాలన్నీ ఉత్తరానే ఎందుకున్నాయి?

జవాబు: పరిహేళి

దీనికి ఎక్కువమంది అంగీకరించే కారణం శని కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం. శని సూర్యునికి అత్యంత దగ్గరగా వచ్చినది 2003 జూలైలో, అంటే దక్షిణార్ధపు వేసవి నడిమి దాటిన తొమ్మిది నెలలకే. దగ్గరి బిందువు వద్ద అందే ఎండ దూరపు బిందువు వద్ద అందేదానికంటే సుమారు 24 శాతం ఎక్కువ. అందువల్ల దక్షిణాన వేసవి పొట్టిగా, తీవ్రంగా ఉంటుంది, ఉత్తరాన దీర్ఘంగా, మెల్లగా సాగుతుంది. ప్రతి సంవత్సరం రెండు వైపులా లెక్క సరిపోకుండా కొద్దికొద్దిగా మీథేన్ ఉత్తరానికి మిగిలిపోతే, వేల సంవత్సరాల్లో సముద్రాలే నిండుతాయి. కక్ష్య వాలు, ఆకారం నెమ్మదిగా మారుతుంటాయి కాబట్టి పదుల వేల సంవత్సరాల్లో ఈ మొగ్గు దక్షిణానికి తిరగగలదు. దక్షిణాన ఇప్పుడున్న పెద్ద సరస్సు ఒంటారియో ఒక్కటే. అయితే ఎండిపోయిన పాత సముద్రాల పల్లాల్లాంటి ప్రాంతాలు కూడా అక్కడ కనిపించడం ఈ వాదనకు బలం. వ్యాసంలో మాత్రం దీన్ని ఋతువుల కింద కాకుండా దీర్ఘకాలిక వాతావరణ మార్పు కింద విడిగా రాయండి, లేకపోతే విద్యార్థులు ఏడేళ్లకొకసారి సముద్రాలు అటూ ఇటూ మారతాయని అనుకుంటారు.

జవాబు: మసకపొర

2025 విషువత్తు సంగతి మిగిలిపోయింది. ఇది 2009 నాటి విషువత్తుకు అద్దంలో ప్రతిబింబం వంటిది, అప్పుడు ఉత్తరాన వసంతం, ఇప్పుడు శరత్తు. కాబట్టి ప్రసరణ మళ్లీ తిరగబడి, ఎత్తులోని వాయువులు ఇకమీదట ఉత్తర ధ్రువం మీద పోగుపడాలి, మధ్యరేఖ దగ్గర తుఫానులకు ఇది అనువైన కాలం కావాలి. కిందటిసారి ఈ తిరుగుడును 127 సార్లు టైటాన్‌ను దగ్గరగా దాటిన కసిని చూసింది. ఈసారి శని దగ్గర ఏ నౌకా లేదు. వెబ్, కెక్, చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల మీదే ఆధారపడాలి. పరారుణ కాంతిలో మేఘాలనూ, రేడియో తరంగాల్లో హైడ్రోజన్ సయనైడ్ వంటి వాయువుల పంపిణీనీ అవి ఇక్కడి నుంచే కొలవగలవు.

నాసా టైటాన్ మీదికి పంపబోయే ఎగిరే యంత్రం డ్రాగన్‌ఫ్లై ప్రయాణం కూడా ఋతువును బట్టే నిర్ణయమైంది. 2028 జూలైలో బయలుదేరి 2034లో చేరేలా దాన్ని రూపొందిస్తున్నారు. అప్పటికి ఉత్తర ధ్రువం చలికాలపు చీకటిలో ఉంటుంది, అక్కడి నుంచి సూర్యుడే కాదు, భూమి కూడా దిగంతానికి పైకి రాదు. అందువల్ల ఆ యంత్రాన్ని సముద్రాల దగ్గర కాక, మధ్యరేఖకు దగ్గరలోని సెల్క్ బిలం ప్రాంతంలో దింపుతారు. ఇంకో ప్రయోజనం కూడా ఉంది. 2005 జనవరి 14న కసిని మోసుకెళ్లిన హైగెన్స్ పరికరం టైటాన్ మీద పారాచూట్‌తో దిగుతూ రెండున్నర గంటలపాటు గాలి వేగాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచింది. దానికి ఒక టైటాన్ సంవత్సరం కలిపితే 2034 మధ్యకు వస్తాం. అదే ఋతువులో, దాదాపు అదే అక్షాంశాల్లో దిగుతుంది కనుక, హైగెన్స్ కొలిచిన గాలులనే ఆధారం చేసుకొని డ్రాగన్‌ఫ్లై దిగే మార్గాన్ని లెక్కించవచ్చు. దిగిన తరువాత అది మూడేళ్లకు పైగా పనిచేయాలన్నది ప్రణాళిక. ఒకే ఋతువులో సగం కూడా కాకపోయినా, టైటాన్ నేల మీద గాలినీ మీథేన్ తేమనూ ఏళ్ల తరబడి కొలిచిన వరుస లెక్కలు మనకు మొదటిసారి అందుతాయి.