కైటిన్‌కి తెలుగు: పొట్టా, పెంకా, కుబుసమా?

గ్రూపు మిత్రులకు నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. విజయవాడలో ఉండే మా పెద్దమ్మకు షుగరు వల్ల కాలిపుండు మానక, డాక్టరుగారు కైటోసాన్ కట్టు వేశారు. రొయ్యలు, పీతల పైపెంకులో ఉండే కైటిన్ అనే పదార్థం నుంచి చేసేదే కైటోసాన్. దాంతో ఇచ్చిన తెలుగు కాగితంలో 'రొయ్యపొట్టుతో తయారైనది' అని ఉంది. "ఎండురొయ్యలు పుండు మీద పెడతారట్రా? తింటేనే చీము పడుతుందంటారే!" అని పెద్దమ్మ ఫోన్. రాత్రంతా టెన్షన్ పడిందట.

ఆమె తప్పేమీ లేదు. మన వైపు రొయ్యపొట్టు అంటే గోంగూరలోనో వంకాయలోనో వేసుకునే సన్నటి ఎండురొయ్యలే. పొట్టు మినుములకు, పెసలకు. రొయ్య ఒలిస్తే వచ్చేది పెంకు, పీతకైతే డొప్ప. పైగా 1823లో ఓడియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కైటిన్ అని పేరు పెట్టింది దేన్ని చూసి? పెంకుపురుగుల రెక్కల మీది గట్టి తొడుగును చూసి. కాబట్టి ఇక్కడ పెంకే సరైన మాట. (అంతకు ముందే, 1811లో, బ్రాకొన్నో అనే మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇదే పదార్థాన్ని పుట్టగొడుగుల్లో చూశాడు.)

ఇంకో సంగతి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. కైటిన్‌కు మూలం 'కిటోన్' అనే గ్రీకు మాట. అంటే ఒంటికి తొడుక్కునే అంగీ. మన కుబుసం చూడండి. ఇప్పుడు పాము విడిచే పొర అనే అంటున్నాం గానీ, పాత నిఘంటువుల్లో రవిక, అంగీ అనే అర్థమూ ఉంది. రొయ్య కూడా పెరిగేటప్పుడు కుబుసం విడుస్తుంది. ఎక్కడి గ్రీకు, ఎక్కడి తెలుగు, ఊహ మాత్రం ఒకటే! అలాగని కైటిన్‌ను తీసేసి కుబుసం అని పెట్టమనను. కట్టుకు వాడేది విడిచిన కుబుసం కాదు, ఫ్యాక్టరీలో ఒలిచిన పెంకు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఈ పోలిక తప్పకుండా చెప్పాలి.

ఇక ఆ కాగితంలోనే కైటిన్ గురించి ఉన్న 'రసాయనికంగా మార్పు చెందిన' అనే మాట. చెడిపోయిందేమో అన్నట్టు వినిపిస్తుంది. జరిగేది వేరు. పెంకులోని సున్నాన్ని ఆమ్లంతో, మాంసకృత్తులను క్షారంతో తీసేస్తే కైటిన్ మిగులుతుంది. అది నీళ్లలో కరగదు. గాఢమైన కాస్టిక్ సోడాలో వేడిచేస్తే దాని అణువుల గొలుసుకు అంటుకున్న ఎసిటైల్ గుంపులు (చిన్న అణుభాగాలు) చాలావరకు ఊడిపోతాయి. అదే కైటోసాన్. పల్చటి ఆమ్లంలో కరుగుతుంది, ధనావేశం పొందుతుంది. ఎర్ర రక్తకణాల పైపొరది ఋణావేశం కనుక అవి దానికి అతుక్కుంటాయి, నెత్తురు త్వరగా గడ్డకడుతుంది. 1859లో రూజే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తొలిసారి కైటిన్‌ను గాఢమైన క్షారంతో ఇలా మార్చితే, 1894లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హోపే-సైలర్ దానికి కైటోసాన్ అని పేరు పెట్టాడు. కావాలని, ఒక పనికోసం చేసే మార్పు కనుక 'సవరించిన' అంటే బాగుంటుంది.

ఆ కాగితంలో ఇలా ఉంటే మా పెద్దమ్మ హాయిగా నిద్రపోయేది: 'రొయ్య పెంకు నుంచి తీసి, శుద్ధిచేసి, సవరించిన కైటిన్‌తో చేసిన కట్టు. రొయ్యలు పడనివారు ముందే డాక్టరుకు చెప్పండి.' ఆ రెండో వాక్యం కోసమైనా మొదటిది స్పష్టంగా ఉండాలి.

రేపల్లె, నిజాంపట్నం, దివిసీమ వాళ్లు చెప్పండి: రొయ్య ఒలిచాక మిగిలేదాన్ని మీ ఇళ్లలో ఏమంటారు?