పేకాట క్లబ్బుకు కార్పొరేషన్ మేడ ఇవ్వాలా? (విజయనగరం)

కంటోన్మెంట్ కుర్రోడు:
మన కార్పొరేషన్ కౌన్సిల్ ముందుకు ఒక అర్జీ వచ్చింది. ఖాళీగా పడున్న మున్సిపల్ షాపుల మేడ లీజుకిస్తే రమ్మీ క్లబ్బు పెడతారట. వచ్చే మీటింగులో చర్చకు పెడుతున్నారు. ఇవ్వాలా, వద్దా?

పదమూడు ముక్కలు:
ఇవ్వాలి. రమ్మీ ఉత్త అదృష్టం కాదని సుప్రీంకోర్టు 1967లోనే తేల్చేసింది, అదీ మన రాష్ట్ర ప్రభుత్వం వేసిన అప్పీలు కొట్టేస్తూ. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యమే అంది. మూడు ముక్కలాట వేరు, అది అదృష్టం. చదివి మాట్లాడండి.

లాంతర్ల దగ్గరోడు:
చదివాను మాస్టారూ. పందెం మీద యజమాని లాభం తీస్తే కేసు నిలుస్తుందని కూడా అందులోనే ఉంది. లీజు, ఏసీ, కుర్రాళ్ళ జీతాలు టీ అమ్మి కడతారా?

పదమూడు ముక్కలు:
సీటు ఫీజు తీసుకోవచ్చు. మరీ ఎక్కువ కాకపోతే అది లాభం కిందికి రాదు.

లాంతర్ల దగ్గరోడు:
ఆటకింత అని టేబుల్ మీద కోసుకునేది సీటు ఫీజా?

పదమూడు ముక్కలు:
సీటు ఫీజే.

లాంతర్ల దగ్గరోడు:
కాదు.

తోటపాలెం:
ఏటండీ ఈ గోల. ముందు పార్కింగ్ ఎక్కడో చెప్పండి. గంటస్తంభం దగ్గర ఇప్పటికే స్కూటర్ పెట్టే చోటు లేదు.

రాజ్యలక్ష్మి ఇంటివాళ్ళు:
నాకు కోర్టుల సంగతి తెలీదు. మా ఆయన చొక్కా ఉతకబోతే జేబులో స్కోరు కాగితం దొరికింది. నాలుగు గళ్ళు. ఆయన పేరు కింద 20, 40, 80, మళ్ళీ 80. రూపాయలేమో, పోనీలే అనుకున్నాను. పాయింటుకెంతో అప్పులవాళ్ళు ఇంటికొచ్చిన రోజు తెలిసింది. ఇల్లు పోయింది. ఇప్పుడు అద్దెకుంటున్నాం.

పదమూడు ముక్కలు:
అమ్మా, బాధగానే ఉంది. కానీ 80 పడిందంటే ఆయన డ్రాప్ చెయ్యకుండా కూర్చున్నారన్నమాట. ముక్కలు బాగోకపోతే మొదట్లోనే పడేస్తే 20తో పోతుంది. నైపుణ్యం అంటున్నది అదే.

లాంతర్ల దగ్గరోడు:
సిగ్గుండాలండీ. ఆవిడ ఇల్లు పోయిందంటే మీరు ట్యూషన్ చెబుతున్నారు! డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడే రమ్మీని మన రాష్ట్రం 2020లో నిషేధించింది. 2025లో కేంద్రమే చట్టం తెచ్చి దేశమంతా ఆపింది. ఫోన్లో కొంపలు కూల్చే ఆట టేబుల్ మీదికొస్తే విద్య అయిపోతుందా?

పదమూడు ముక్కలు:
ఫోన్ రాత్రి రెండింటికి కూడా పక్కలోనే ఉంటుంది. క్లబ్బుకు తాళం పడుతుంది. సిగ్గు గురించి మీరా నాకు చెప్పేది? పోయిన పండక్కి మా ఊరి జీడితోటలో ఐదుగురం కూర్చున్నాం. రమ్మీయే. మనిషికి రెండొందలు. పోలీసులు పట్టుకుని వరసగా నిలబెట్టి, ముందు దుప్పటి మీద ముక్కలూ నోట్లూ పరిచి ఫోటో తీశారు. అది మా అమ్మాయి కాలేజీ గ్రూపులోకి వెళ్ళింది. మూడు రోజులు అన్నం తినలేదు, నాతో మాట్లాడలేదు. అదే రోజు ఊళ్ళో ఏసీ గదుల్లో పెద్దమనుషులు ఇదే ఆట ఆడారు. వాళ్ళ ఫోటోలు ఎవరు తీశారు? నాకు కావలసింది క్లబ్బు కాదు, దొంగలా కూర్చోనక్కర్లేని చోటు.

లాంతర్ల దగ్గరోడు:
ఫోటో తీసి తిప్పడం తప్పే, ఒప్పుకుంటాను. ఈ మాట మొదటే చెప్పొచ్చుగా, 1967 ఎందుకు మధ్యలో? నా గొడవా రమ్మీ గురించి కాదులెండి. ఆ మేడ మీద ఒకప్పుడు పేపర్లు చదువుకునే గది ఉండేది. ఫ్యాను తిరగని ఆ గదిలో కూర్చునే నేను పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. మన పన్నులతో కట్టిన మేడ అది. ఇంతకీ ఆ క్లబ్బులోకి మిమ్మల్ని రానిస్తారా? కుర్రోడా, మెంబర్‌షిప్ ఎంతన్నారు?

కంటోన్మెంట్ కుర్రోడు:
అర్జీలో ప్రవేశ రుసుం లక్ష అని ఉందండీ.

రాజ్యలక్ష్మి ఇంటివాళ్ళు:
లక్ష కట్టగలిగినవాళ్ళు సొంత మేడ కొనుక్కోవచ్చు కదా.

పదమూడు ముక్కలు:
లక్షా? ఈ ముక్క నిన్ననే చెప్పొద్దూ బాబూ. అలాగైతే మాకెందుకది, ఇవ్వొద్దు. అయినా డ్రాప్ సంగతి నేను చెప్పింది కరెక్టే.