చెల్లని రూపాయికి గీతలెక్కువ: ఇంతకీ ఏ గీతలు?

క్యాషియర్, ఎంవీపీ కాలనీ:

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తాను. పగలంతా నోట్ల మధ్యే ఉంటాను కాబట్టి డబ్బు ఊసున్న సామెత ఎక్కడ వినపడినా చెవి అటే పోతుంది. మొన్న పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు అమ్మే ఒక పెద్దావిడ మా బ్రాంచికి వచ్చారు. లైన్లో ముందున్న మనిషి తన పలుకుబడి గురించి అదే పనిగా గొప్పలు చెబుతుంటే, "చెల్లని రూపాయికి గీతలెక్కువని ఊరికే అన్నారా" అని గొణిగారు. సరుకు లేనివాడికి ఆర్భాటం ఎక్కువ అని అర్థం, అది నాకూ తెలుసు. ఆ గీతలేమిటో మాత్రం తెలియదు.

ఇప్పటి నోట్లను బట్టి చూస్తే సామెత తలకిందులవుతుంది. 2015 నుంచి నోటు ముందువైపు కుడి ఎడమ అంచుల్లో ఏటవాలు గీతలు వేస్తున్నారు. ఇప్పుడున్న వంద నోటుకు 4, రెండు వందలకు 4 గీతలూ వాటి మధ్య రెండు సున్నాలూ, ఐదు వందలకు 5. కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. చూపు లేనివాళ్లు వేలితో తడిమి ఎంత నోటో పోల్చుకోవడానికి ఆ ఏర్పాటు. అంటే పెద్ద నోటుకే గీతలెక్కువ. కాబట్టి సామెతలోని రూపాయి లోహపుదే అయ్యుండాలి. దాని మీద గీతలు ఎవరు గీశారు? ఎందుకు గీశారు? పెద్దలు చెప్పాలి.

అనకాపల్లి సభ్యుడు:

మా ఇంట్లో "చెల్లని కాసుకు గీతలెక్కువ" అనేవారండీ. "వట్టి గొడ్డుకు అరుపులెక్కువ" అన్న సామెతకు ఇది తోడు. దొంగనాణెం చేసేవాడు అసలుదానిలా కనిపించాలన్న ఆత్రంతో నాలుగు గీతలు ఎక్కువ వేస్తాడు. నగిషీ ఎక్కువ, వెండి తక్కువ. ఇంతకంటే లోతుకు వెళ్లాలంటారా?

కురుపాం మార్కెట్ సభ్యుడు:

వెళ్లాలండీ. మాది తరాలుగా బంగారం పని. "గీటురాయి" అనే మాట చూడండి. గీటు అన్నా గీత అన్నా ఒకటే. నగ తెస్తే నల్లరాయి మీద ఒక గీటు పెడతాం, పక్కనే మచ్చు బంగారంతో, అంటే మేలిమి ఎంతో ముందే తెలిసిన నమూనాతో, ఇంకో గీటు పెడతాం, ఆసిడ్ చుక్క వేసి ఏది నిలుస్తుందో చూస్తాం. ఇప్పుడు మిషన్లు వచ్చినా రాయి మాత్రం షాపులోంచి పోలేదు. వెనకటి షరాబులు, అంటే డబ్బు మార్చే వర్తకులు, నాణేన్ని మోగించేవారు, తూచేవారు, అప్పటికీ నమ్మకం కుదరకపోతే గీసి చూసేవారు. పైన వెండి పూత, లోపల రాగి అయితే ఆ గీతలో బయటపడుతుంది.

మంచి రూపాయిని ఎవరూ గియ్యరు. మోగిస్తేనే తెలిసిపోతుంది. అనుమానం తగిలిన రూపాయిని మాత్రం చెయ్యి మారిన ప్రతిచోటా ఇంకో షరాబు గీస్తాడు. అందుకే దానికి గీతలెక్కువ. ఆ గీతలు నాణెం చేసినవాడివి కావు, నమ్మనివాళ్లవి.

క్యాషియర్, ఎంవీపీ కాలనీ:

ఈ చివరి మాట చదివి కాసేపు ఆగిపోయానండీ. సీతమ్మధార మాస్టారు ఏమంటారో వినాలని ఉంది.

తెలుగు మాస్టారు, సీతమ్మధార:

అమ్మా, రెండు అర్థాలూ నిలుస్తాయి. నా మొగ్గు మాత్రం కురుపాం మార్కెట్ అబ్బాయి చెప్పినదాని వైపే. కారణాలు చెబుతాను.

రూపాయి అన్న మాటలోనే ముద్ర ఉంది. "రూపం" నుంచి "రూప్యం" వస్తుందనీ, రూపం కొట్టినది అనే అర్థంలో అలా వస్తుందనీ పాణిని సూత్రం చెప్పాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దొంగనాణేన్ని "కూటరూపం" అన్నారు, నాణేలు పరీక్షించే అధికారిని "రూపదర్శకుడు" అన్నారు. కూటమంటే మోసం. కూటసాక్షి అంటే అబద్ధపు సాక్షి. అసలు నాణెం పుట్టినప్పుడే దొంగనాణెమూ పుట్టిందన్నమాట, దాన్ని పట్టుకునే ఉద్యోగమూ పుట్టింది.

మన దేశపు తొలి నాణేలు వెండి బిళ్లల మీద గుర్తులు కొట్టినవి. వాటి వెనకవైపు చిన్న చిన్న గుర్తులు అదనంగా కనిపిస్తాయి. అవి వర్తకులూ షరాబులూ పరీక్ష చేసి వేసుకున్నవని నాణేల చరిత్ర రాసినవాళ్లు చాలామంది అంటారు. ఇంకో ఉదాహరణ ఉంది, అది నాకు మరీ ఇష్టం. తమిళదేశంలో పుదుక్కోట దగ్గర రోమన్ బంగారు నాణేల రాశి దొరికింది. వాటిలో చాలావాటికి చక్రవర్తి ముఖం మీదుగా పెద్ద గాటు ఉంది. ఇకమీదట వీటిని నాణేలుగా తీసుకోవద్దని చెప్పడానికే ఆ గాటు పెట్టారని ఒక బలమైన అభిప్రాయం. ఇక్కడ గీత పరీక్ష కూడా కాదు, తీర్పు. మన విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండ తవ్వకాల్లోనూ శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఈ తీరంలో పరాయి నాణేన్ని చేత్తో పట్టుకుని ఇది చెల్లుతుందా అని అడగడం నిన్నా మొన్నా మొదలైంది కాదు.

ఇక "చెల్లు". నన్నడిగితే ఈ సామెతలో అసలు బంగారం ఈ క్రియే. తమిళంలో "సెల్" అంటే వెళ్లు. చెల్లని నాణేన్ని వాళ్లు "సెల్లాక్కాసు" అంటారు, పనికిరాని మనిషికీ అదే మాట వాడతారు. కన్నడంలో "సల్లు" ఉంది. మనకు వెళ్లడమనే అర్థం మరుగునపడి మిగతావి మిగిలాయి: అప్పు చెల్లింది, కాలం చెల్లింది, నూకలు చెల్లాయి, ఆ మాట నీకే చెల్లింది, చెల్లుకు చెల్లు. నాణెం చెల్లడమంటే ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లగలగడం. తీసుకునే చెయ్యి ఉంటేనే చెల్లుతుంది. ఎంత మేలిమి వెండి అయినా ఎవరూ తీసుకోకపోతే చెల్లలేదనే అంటాం.

సిటీ బస్సు కండక్టర్, గాజువాక:

మాస్టారూ, ఆ ఆఖరి వాక్యం మా బాధే. పది రూపాయల బిళ్ల ఇస్తే "ఇది చెల్లదు బాబూ" అంటారు. ప్యాసింజర్‌కి చిల్లరగా ఇవ్వబోతే తీసుకోరు, టీ కొట్టులో నేనిస్తే వాళ్లూ తీసుకోరు. అది పచ్చి అసలు నాణెం. విచిత్రం ఏమిటంటే ఈ గొడవ కూడా గీతల మీదే మొదలైంది. పది గీతలున్న బిళ్ల అసలుది, పదిహేను గీతలున్నది దొంగది అని ఎవడో ఫోన్లో మెసేజ్ తిప్పాడు. గీతలెక్కువ ఉన్నది చెల్లదట! సామెత చదువుకుని పుట్టించినట్టే ఉంది ఆ పుకారు.

క్యాషియర్, ఎంవీపీ కాలనీ:

కండక్టర్ గారూ, ఈ ముక్క నాకు తట్టనే లేదు. మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పది రూపాయల నాణేలు వేరువేరు సమయాల్లో వేరువేరు డిజైన్లతో వచ్చాయి. రూపాయి గుర్తు రాకముందు వచ్చిన ఒక రకానికి 15 గీతలున్నాయి, 2011లో రూపాయి గుర్తుతో వచ్చినదానికి 10. రెండూ ప్రభుత్వ టంకశాలలో పుట్టినవే. అప్పటికి వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇచ్చింది. అయినా ఇప్పటికీ చేపల బజారులో, ఆటోల దగ్గర ఆ బిళ్ల ఆగిపోతోంది.

నేను ఈ ప్రశ్న అడిగింది సామెత కోసమే, కానీ మీ మాటలు చదివాక లోపల నలుగుతున్నది చెప్పాలనిపిస్తోంది. మనం "చెల్లదు" అనే ఒక్క మాటను మూడు నాలుగు వేరువేరు సంగతులకు వాడేస్తున్నాం. దానివల్ల పేదవాళ్లకు నిజంగా డబ్బు నష్టం అవుతోంది. నా కౌంటర్ దగ్గర ఇది కళ్లారా చూస్తున్నాను.

చిరిగిన నోటు ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం పాట జరుగుతుంది, తడి చేతులతో నోట్లు మారతాయి, నానతాయి, చిరుగుతాయి. చేపలమ్మే ఆవిడకు కొట్టువాడు "ఇది చెల్లదమ్మా" అంటాడు. ఆవిడ దాన్ని కమీషన్‌కి తీసుకునేవాడి చేతిలో సగం ధరకు పెడుతుంది. ఆ నోటుకు చట్టం ప్రకారం విలువ ఉంది. 2009 నాటి నిబంధనలు, వాటికి 2018లో వచ్చిన సవరణ ప్రకారం యాభై, అంతకు పైన ఉన్న నోట్లకు ఒకే ముక్కగా ఉన్న భాగం 80 శాతం దాటితే పూర్తి విలువ ఇవ్వాలి, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం ఇవ్వాలి. ఇరవై, అంతకన్నా చిన్న నోట్లకు సగం కంటే ఎక్కువ భాగం ఉంటే చాలు, పూర్తి విలువే. ఏ బ్యాంకు బ్రాంచిలోనైనా అడగవచ్చు.

రద్దయిన డబ్బు ఇంకోటి. 2016 నవంబర్ 8 రాత్రి పాత ఐదు వందలు, వెయ్యి నోట్లు పోయాయి. పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లలేదు, మాట మాత్రం "పావలా వడ్డీ"లో ఉండిపోయింది. రెండు వేల నోటుది మరో రకం. 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నామన్నారు, చట్టబద్ధమైన చెల్లుబాటు మాత్రం తీసెయ్యలేదు. చట్టం చెల్లుతుందంటుంది, బజారు చెల్లదంటుంది. మాస్టారు చెప్పిన "తీసుకునే చెయ్యి" ఇదే కదా.

వీటన్నిటికీ దూరంగా ఉండాల్సింది దొంగనోటు. అది చెల్లకపోవడం కాదు, అసలు డబ్బే కాదు. కౌంటర్ మీదకు వస్తే దాని మీద నకిలీ అని ముద్ర వేసి మేమే ఉంచేసుకోవాలి, తెచ్చినవాళ్లకు తిరిగి ఇవ్వకూడదు, రసీదు రాసివ్వాలి. బదులు డబ్బు రాదు. ఒకే దఫాలో నాలుగు వరకు వస్తే నెలవారీ నివేదికలో పోలీసులకు తెలియజేస్తాం. అయిదు, ఆ పైన అయితే ఎఫ్ఐఆర్.

ఇక్కడే భాష అడ్డం పడుతోంది. "దొంగ" విశేషణంగా వచ్చినప్పుడు రెండు పనులు చేస్తుంది. దొంగసొమ్ము అంటే ఎత్తుకొచ్చిన సొమ్ము, సొమ్ము అసలుదే. దొంగ ఏడుపు, దొంగనిద్ర, దొంగ సంతకం, దొంగసాక్ష్యం, వీటిలో ఎవరూ ఏదీ ఎత్తుకురాలేదు, అవి ఉత్తుత్తివి, అంతే. దొంగనోటు ఈ రెండో గుంపులోది. కానీ వినేవాళ్ల చెవిలో మొదటి గుంపు మోగుతుంది. "ఇది దొంగనోటమ్మా" అనగానే ఎదుటి మనిషి మొహం మాడిపోతుంది, "నేను దొంగతనం చెయ్యలేదు మేడమ్" అంటారు. వాళ్లు మోసపోయినవాళ్లు, సంజాయిషీ ఇచ్చుకునేదీ వాళ్లే. ఆ భయంతోనే చాలామంది బ్యాంకుకు తీసుకురారు. "ఎక్కడో అక్కడ మార్చెయ్" అని ఇంట్లోవాళ్లే సలహా ఇస్తారు. చీకట్లో, రద్దీలో, చూపు ఆనని ముసలావిడ బుట్టలోకి అది చేరుతుంది. తెలియక తీసుకోవడం నేరం కాదు. నకిలీదని తెలిసీ అసలుదన్నట్టు మారిస్తే మాత్రం నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 178 నుంచి 182 దాకా సెక్షన్లు ఈ నేరాలవే.

కురుపాం మార్కెట్ సభ్యుడు:

మరి మామూలు మనిషి గీటురాయి లేకుండా నోటు ఎలా చూడాలి మేడమ్? మా షాపులో కూడా రద్దీ వేళ టెన్షన్‌గానే ఉంటుంది.

క్యాషియర్, ఎంవీపీ కాలనీ:

వేలే గీటురాయండీ. ఐదు వందల నోటు మీద గాంధీ బొమ్మ, అశోక స్తంభం, అంచు గీతలు గరుకుగా తగలాలి. నోటును వంచితే మధ్యలో ఉన్న దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి, కింద కుడివైపు 500 అంకె కూడా అలాగే మారాలి. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఖాళీ భాగంలో గాంధీ నీడబొమ్మ, పక్కన 500 అంకె కనపడాలి. నంబరులోని అంకెలు ఎడమ నుంచి కుడికి పోనుపోను పెద్దవవుతాయి. ఒక్క గుర్తు చూసి తేల్చెయ్యకండి, రెండు మూడు కలిపి చూడండి. వెనకవైపు భాషల పట్టీలో మన తెలుగు కింది నుంచి రెండోది, ఉర్దూకు పైన. అక్షరాలు అలికినట్టు ఉంటే అనుమానించాల్సిందే.

అనకాపల్లి సభ్యుడు:

నేను మొదట చెప్పిన అర్థాన్ని వదులుకోను గానీ, షరాబు గీతల అర్థాన్నీ పక్కన పెట్టుకుంటాను. ఒక సందేహం. "దొంగ" ఇంత ఇబ్బంది పెడుతుంటే "నకిలీ నోటు" అనే వాడొచ్చు కదా? పేపర్లో అదే రాస్తారు.

తెలుగు మాస్టారు, సీతమ్మధార:

వాడొచ్చు. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, ప్రతి తీయడమనే అర్థం నుంచి పుట్టింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో "నకలు" అడిగితే ముద్ర వేసి, సంతకం పెట్టి ఇస్తారు, కోర్టులో కూడా ఒప్పుకుంటారు. అదే మూలం నుంచి వచ్చిన "నకిలీ"కి మాత్రం మోసం అంటుకుంది. మనిషి మీద నింద పడకుండా వస్తువు గురించి మాత్రమే చెప్పాలంటే నకిలీయే మేలు. అమ్మాయి కౌంటర్ దగ్గర ఆ మాటే అంటే బాగుంటుంది.

సిటీ బస్సు కండక్టర్, గాజువాక:

మాస్టారూ, బస్సులో "నకిలీ" అంటే సగం మందికి ఎక్కదండీ. "ఈ నోటు బాగోలేదమ్మా, బ్యాంకులో చూపించు" అంటాను నేను. గొడవ రాదు, నోటు కూడా తీసుకోను.

క్యాషియర్, ఎంవీపీ కాలనీ:

అలాగే అనండి. బ్యాంకు పేరు మాత్రం తప్పకుండా చెప్పండి, లేకపోతే అది వెనక బస్సెక్కుతుంది. మన గుంపు సామెతల పట్టికలో ఇలా రాస్తున్నాను, మార్పులుంటే చెప్పండి: చెల్లని రూపాయికి (కాసుకు) గీతలెక్కువ. ఒకటి, విలువ లేనిదానికి హంగు ఎక్కువ. రెండు, అనుమానం ఉన్న నాణేన్ని పదిమంది గీసి చూస్తారు. రెండో అర్థం పక్కన షరాబు, గీటురాయి మాటలు కూడా చేరుస్తున్నాను.

కురుపాం మార్కెట్ సభ్యుడు:

మచ్చు కూడా చేర్చండి మేడమ్. ఆ మాట మా షాపుల్లో తప్ప ఇంకెక్కడా వినపడడం లేదు.