అప్‌డేట్: అమ్మ నడుం నొప్పి, చివరికి తేలింది వెన్నుపూస ఫ్రాక్చర్

డెబ్బై దాటిన అమ్మకి బకెట్ ఎత్తినప్పటి నుంచి నడుం నొప్పి, పడుకుంటే తగ్గి లేస్తే ఎక్కువవుతోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "పడకపోయినా ఎముక విరగొచ్చు, పక్కనుంచి ఎక్స్‌రే తీయించండి" అన్నవారి మాటే నిజమైంది. ఎల్-1 (నడుం భాగంలో మొదటి) వెన్నుపూస ముందువైపు నొక్కుకుపోయింది. కిడ్నీ రాయి, డిస్క్ అనుమానాలు రెండూ ఉత్తివే. ఎంఆర్ఐలో నరాల మీద ఒత్తిడి కనబడలేదు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు.

మేము మంచం దిగనివ్వకూడదనుకున్నాం. డాక్టరుగారు అందుకు పూర్తిగా వ్యతిరేకం: కదలకపోతే కండ, ఎముక రెండూ ఇంకా తగ్గుతాయట. నొప్పి మాత్రలు, కొన్నాళ్లు బెల్ట్, ఫిజియోథెరపీ. వంగి బరువులెత్తడం మాత్రం బంద్.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోరు -3.1 వచ్చింది (-2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం). విటమిన్ డి కూడా తక్కువే. అది సరిచేసి, కిడ్నీ పరీక్ష చూశాకే ఎముక తరుగుదలను తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ మందు ఎక్కించారు, ఏడాదికోసారి. మర్నాడు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి, పారాసిటమాల్‌తో పోయాయి. ఇది ముందే చెప్పి ఉంటే అంత కంగారు ఉండేది కాదు!

కాల్షియం మాత్రలొక్కటే చాలన్న సలహా మా విషయంలో సరిపోలేదు. నొప్పి ఇప్పుడు దాదాపు లేదు. వెన్నుపూస నొక్కుకుపోయి తగ్గిన ఎత్తు మాత్రం తిరిగి రాదట.